స్కీయింగ్ సెలవులు: ప్యాకేజీ తీసుకోవాలా, అన్నీ విడివిడిగా మనమే బుక్ చేసుకోవాలా?

మియాపూర్ మంచుకల | నవంబరు 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేము మియాపూర్‌లో ఉంటాము. మా దంపతులిద్దరం, తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి, నాలుగో తరగతి చదువుతున్న అబ్బాయి, మొత్తం నలుగురం. సంక్రాంతి సెలవుల్లో కశ్మీర్‌లోని గుల్‌మర్గ్ వెళ్లి స్కీయింగ్ నేర్చుకోవాలని పిల్లలు ఏడాదిగా అడుగుతున్నారు. మాలో ఎవరమూ ఇంతవరకు స్కీలు తొడిగినవాళ్లం కాము. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌లో గంటసేపు వణకడం తప్ప మాకు మంచుతో వేరే పరిచయం లేదు.

నగరంలోని ఒక ట్రావెల్ సంస్థ ఆరు రాత్రుల "కశ్మీర్ స్కీ ప్యాకేజీ"కి విమాన టికెట్లతో సహా నలుగురికీ కలిపి 2,18,000 రూపాయలు చెప్పింది. శ్రీనగర్‌లో మూడు రాత్రులు, పహల్గామ్‌లో ఒకటి, గుల్‌మర్గ్‌లో రెండు. స్కీయింగ్ గురించి ఆ కాగితంలో ఉన్నది ఒకే ఒక పంక్తి: "గుల్‌మర్గ్‌లో స్కీయింగ్ అనుభూతి." ఇవే టికెట్లు, ఇదే స్థాయి హోటళ్లు నేను విడివిడిగా లెక్క వేసుకుంటే 1,85,000 దగ్గర తేలుతోంది. మిగిలిన ముప్పై మూడు వేలు మనశ్శాంతికి కట్టే రుసుము అనుకోమని మా ఆవిడ అంటున్నారు. ఆ మనశ్శాంతి నిజంగా దొరుకుతుందో లేదో వెళ్లివచ్చినవారు చెప్పగలరని ఇక్కడ అడుగుతున్నాను.

సైనిక్‌పురి పాత స్కీలు | నవంబరు 8, రాత్రి 11:05

మీరు ధర దగ్గర ఆగిపోయారు కానీ, చూడవలసినది ఆ ఒక్క పంక్తిని. "స్కీయింగ్ అనుభూతి" అన్నచోట సాధారణంగా జరిగేది ఇది. ఉదయం పదకొండింటికి మిమ్మల్ని గొండోలా (రెండు దశల్లో కొండ ఎక్కించే కేబుల్ కారు) స్టేషన్ దగ్గర దించుతారు. అక్కడ ఒకాయన అద్దె బూట్లు, స్కీలు తొడిగించి, రెండు చేతులూ పట్టుకొని ఇరవై గజాల వాలు మీద నాలుగైదుసార్లు జార్చి, ఫోటోలు తీసి, మీ గంట అయిపోయిందని చెబుతాడు. సరదాగా ఉంటుంది, కాదనను. దాన్ని నేర్చుకోవడం అని మాత్రం అనలేము.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో గుల్‌మర్గ్‌లోనే రెండు వారాల ప్రాథమిక శిక్షణ తీసుకున్నాను. మొదటి రోజంతా మాకు నేర్పింది పడడం, పడ్డాక లేవడం, స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి కదలకుండా నిలబడడం. రెండో రోజు ముందు కొనలను దగ్గరకు చేర్చి, వెనుక కొనలను ఎడంగా తోసి వేగం తగ్గించడం. తిరగడం అనేది మూడో రోజు మధ్యాహ్నానికి గానీ ఒంటబట్టలేదు. పిల్లలకు ఇంతకన్నా త్వరగా వస్తుంది, మనకు రాదు. అంటే మీ ప్యాకేజీలో గుల్‌మర్గ్‌కు కేటాయించిన రెండు రాత్రులు మీరు మలుపు తిరగడం నేర్చుకునేలోపే అయిపోతాయి.

స్కీయింగ్ సెలవు అంటే ఒకే ఊళ్లో, ఒకే వాలు మీద, వరుసగా నాలుగైదు ఉదయాలు గడపడం. పహల్గామ్, మొఘల్ ఉద్యానవనాలు, షికారా అన్నీ ఆ ఆరు రోజుల్లోనే ఇరికిస్తే చివరకు కొయ్యబడేది స్కీయింగే. అందువల్ల ఆ సంస్థను ధర తగ్గించమని అడగకండి. శిక్షకుడు ఎన్ని పూటలు ఉంటాడు, ఒక్కో పూట ఎన్ని గంటలు, ఒక్క శిక్షకుడి దగ్గర ఎంతమంది ఉంటారు, స్కీలు బూట్లు హెల్మెట్ అద్దె కలిసే ఉందా, గొండోలా టికెట్లు ఎవరు తీస్తారు, ఏ దశ వరకు తీస్తారు, మంచు లేకపోతే ఏం చేస్తారు అన్నవి రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెబుతామంటే వద్దనండి.

నల్లకుంట నివాసి | నవంబరు 9, ఉదయం 7:20

పైన పెద్దాయన చెప్పిన రాతపూర్వకం అన్న మాటను నేను డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్నాను. 2024 ఫిబ్రవరిలో నగరంలోనే ఒక సంస్థ ద్వారా మేము ముగ్గురం స్నేహితులం ఉత్తరాఖండ్‌లోని ఔలీ వెళ్లాము. వారి రంగుల కరపత్రంలో జోషీమఠ్ నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే బొమ్మ పెద్దగా ఉంది. ఆ రోప్‌వే 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడే ఆగిపోయింది. మేము డబ్బు కట్టే నాటికి అది ఆగి ఏడాది దాటింది. కరపత్రాన్ని ఎవరూ మార్చలేదు, మేమూ వార్తలు వెతికి చూసుకోలేదు.

ఋషీకేశ్ నుంచి జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్ల కొండదారి. ఒక పగలంతా కారులోనే పోయింది. అక్కడి నుంచి ఔలీకి ఇంకో పదిహేను కిలోమీటర్లు గొలుసులు కట్టిన బండిలో వెళ్లవలసి వచ్చింది, దాని కిరాయి మేమే ఇచ్చుకున్నాము. ప్యాకేజీలో "మూడు రోజుల స్కీయింగ్" అని ఉన్నది నిజానికి రోజుకు ఒక గంట. అడిగితే "స్థానిక పరిస్థితులకు లోబడి" అన్న చిన్న అక్షరాల వాక్యం చూపించారు. తిరిగివచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. రెండు నెలల తరువాత ఆ కిరాయి వరకు వాపసు వచ్చింది. మిగిలినదానికి మా దగ్గర కాగితం లేదు.

లెక్కల మనిషి, హిమాయత్‌నగర్ | నవంబరు 9, ఉదయం 10:15

కాగితం గురించి చెప్పారు కాబట్టి చట్టం వైపు నుంచి కొంత చేర్చుతాను.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోట లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. సంస్థ కార్యాలయం ఢిల్లీలో ఉన్నా, శ్రీనగర్‌లో ఉన్నా మీరు హైదరాబాదులోనే వేసుకోవచ్చు. మీరు చెల్లించిన మొత్తం యాభై లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు. ప్యాకేజీలో ఉన్న నిజమైన బలం ఇదే అని నా అభిప్రాయం. హోటల్ సరిగా లేకపోయినా, బండి రాకపోయినా, శిక్షకుడు ఎగ్గొట్టినా జవాబు చెప్పవలసినది ఒక్కరే. విడివిడిగా బుక్ చేసుకున్నవారు నలుగురి వెంట తిరగాలి, ఆ నలుగురూ పక్కవాడి మీదికి నెడతారు. అయితే ఆ ఒక్కరి మీద మీకు పట్టు దొరకాలంటే ఏమి ఇస్తామన్నారో స్పష్టంగా రాసి ఉండాలి. "అనుభూతి" ఇస్తామని రాశారు, అది ఇవ్వలేదని మీరు ఏ కమిషన్ ముందు ఎలా నిరూపిస్తారు?

దేశంలోని ప్యాకేజీకి టూర్ ఆపరేటర్ సాధారణంగా వేసే జీఎస్టీ 5 శాతం. మీకు చెప్పిన 2,18,000లో అది కలిసి ఉందో, బిల్లు నాడు పైన వేస్తారో ఇప్పుడే అడగండి. విదేశానికి వెళ్లేవారికి మరో లెక్క ఉంది. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే సంస్థ మీ దగ్గర టీసీఎస్ (అమ్మేవారు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేయాలి. 2025-26 ఆర్థిక సంవత్సరంలో పది లక్షల రూపాయల వరకు అది 5 శాతం, ఆ పైన 20 శాతం ఉండేది. ఇది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసేటప్పుడు మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే వాపసు వస్తుంది. కానీ అంతవరకు మీ చేతిలో ఉండదు. విమాన టికెట్ మాత్రమే కొన్నా, హోటల్ మాత్రమే బుక్ చేసుకున్నా అది ప్యాకేజీ కిందికి రాదని, కనీసం రెండు అంశాలు కలిసి ఉండాలని 2023లో ప్రత్యక్ష పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది.

బేగంపేట రెక్కలు | నవంబరు 9, మధ్యాహ్నం 1:50

నేను పదేళ్లుగా అన్నీ సొంతంగానే బుక్ చేసుకొని తిరుగుతున్నవాడిని. అయినా నేను చేసిన ఒక తప్పు చెబుతాను, మియాపూర్ గారు అదే చేయబోతున్నారేమోనని నా అనుమానం.

శ్రీనగర్ నుంచి ఢిల్లీకి ఒక సంస్థ టికెట్, ఢిల్లీ నుంచి హైదరాబాదుకు ఇంకో సంస్థ టికెట్ తీసుకున్నాను. ఇలా విడదీస్తే నలుగురికి ఆరేడు వేలు తగ్గింది. బయలుదేరవలసిన రోజు శ్రీనగర్‌లో తెల్లవారుజాము నుంచి మంచు కురిసి రన్‌వే మూసేశారు. మొదటి సంస్థ డబ్బు వాపసు తీసుకుంటారా, మరుసటి రోజు విమానంలో వెళతారా అని అడిగింది. వాతావరణం వల్ల రద్దయితే అంతకుమించి నష్టపరిహారం ఇవ్వనక్కరలేదు, నిబంధనల్లోనే అలా ఉంది. రెండో సంస్థ దృష్టిలో మాత్రం మేము విమానం ఎక్కడానికి రాని ప్రయాణికులం. నాలుగు టికెట్లూ పోయాయి. రెండు రాత్రుల గది, మళ్లీ నాలుగు టికెట్లు. ఆరేడు వేలు మిగుల్చుకోబోయి యాభై వేలకు పైగా వదిలించుకున్నాను.

టికెట్ మొత్తం హైదరాబాదు నుంచి శ్రీనగర్ వరకు ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే ఒక అంచె రద్దయినా మిగతా ప్రయాణాన్ని సర్దవలసిన పని ఆ సంస్థదే అవుతుంది. అందుచేత సొంతంగా బుక్ చేసుకున్నా ఈ ఒక్కచోట పిసినారితనం వద్దు. ప్యాకేజీ వాళ్లు కూడా తమ లాభం కోసం ఇలా విడదీసిన టికెట్లు తీస్తూ ఉంటారు. మీ కొటేషన్‌లో పీఎన్ఆర్ ఒకటా, రెండా అని అడగండి.

2025లో జరిగినవి కూడా మరువకూడదు. ఏప్రిల్ 22న పహల్గామ్‌లో జరిగిన దాడి తరువాత ఎంతోమంది ప్రయాణాలు మానుకున్నారు. మే నెలలో శ్రీనగర్ విమానాశ్రయం కొన్ని రోజులు పూర్తిగా మూతపడింది. ఇటువంటప్పుడు విమాన సంస్థ టికెట్ డబ్బు ఇస్తుంది. హోటల్ ఇవ్వాలా వద్దా అన్నది మీరు ఎంచుకున్న రద్దు షరతును బట్టి ఉంటుంది. ప్యాకేజీ అయితే ముందుగా కట్టిన అడ్వాన్సును "ఇంకోసారి వాడుకోండి" అనే అవకాశం ఎక్కువ.

తార్నాక తల్లి | నవంబరు 9, సాయంత్రం 6:30

అందరూ ప్యాకేజీని ఒకే గాటన కట్టేస్తున్నారు కాబట్టి నేను అటువైపు నిలబడతాను. మేము రెండేళ్ల కిందట జనవరిలో ఒక ప్యాకేజీలో గుల్‌మర్గ్ వెళ్లాము. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మా చిన్నవాడికి అప్పుడు ఆరేళ్లు. శ్రీనగర్ నుంచి వచ్చిన మా బండిని టంగ్‌మర్గ్‌లో ఆపేశారు. ఆ పైన గుల్‌మర్గ్ వరకు ఉన్న పదమూడు కిలోమీటర్లు చక్రాలకు గొలుసులున్న స్థానిక బండ్లలోనే వెళ్లాలన్నారు. రోడ్డు పక్కన మంచులో నిలబడి, భాష సరిగా రాక, ఆరుగురు డ్రైవర్లు ఆరు ధరలు చెబుతుంటే మేమే బేరమాడవలసి వస్తే ఏమైపోయేవాళ్లమో ఊహించుకోండి. మా సంస్థ మనిషి అప్పటికే రెండు బండ్లు మాట్లాడి ఉంచాడు. మా అత్తగారిని కుర్చీతో సహా ఎత్తి బండిలో కూర్చోబెట్టారు.

ఇంకొకటి. హైదరాబాదు నుంచి తీసుకెళ్లిన ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. విమానం దిగేవరకు మా ఇంట్లో ఎవరికీ ఈ విషయం తెలియదు. సొంతంగా వెళ్లినవారు ఆ క్షణంలో డ్రైవరుకు ఎలా ఫోన్ చేస్తారు? హోటల్ దారి ఏ మ్యాపులో చూస్తారు? ముప్పై మూడు వేలు మనశ్శాంతికి అని ఆ ఇల్లాలు అన్న మాటలో తప్పేమీ లేదు.

సైనిక్‌పురి పాత స్కీలు | నవంబరు 9, రాత్రి 8:10

తార్నాక అమ్మా, మీ అత్తగారి విషయంలో మీరు చేసింది నూటికి నూరుపాళ్లు సరైనది. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్నప్పుడు నేనూ అదే చేస్తాను. కానీ టంగ్‌మర్గ్ దగ్గర బండి మాట్లాడి ఉంచే పని గుల్‌మర్గ్ హోటళ్లు కూడా చేస్తాయి. గది బుక్ చేసుకునేటప్పుడే "టంగ్‌మర్గ్ నుంచి మీ బండి పంపండి" అంటే పంపుతాయి, కిరాయి ముందే చెబుతాయి. సిమ్ సమస్య ఒక నెల ముందు పోస్ట్‌పెయిడ్‌కు మారితే తీరుతుంది. ఇవన్నీ తెలియనంతవరకే భయం, తెలిసినవాళ్లకు పది నిమిషాల పని. మియాపూర్ గారికి ఇప్పుడు తెలిసిపోయింది కదా.

తార్నాక తల్లి | నవంబరు 9, రాత్రి 8:45

తెలియడం వేరు, ఏడు డిగ్రీల మైనస్‌లో ఇద్దరు పిల్లలు ఏడుస్తుండగా చేయడం వేరు అండి. ఆ పది నిమిషాల పని ఇంట్లో ఎప్పుడూ ఒక్కరి నెత్తినే పడుతుంది, ఆ ఒక్కరికి అది సెలవు కాదు. ఆ రుసుము ఎవరి మనశ్శాంతికో కూడా ఆలోచించాలి.

మియాపూర్ మంచుకల | నవంబరు 9, రాత్రి 10:00

పై మాట మా ఆవిడకు చదివి వినిపించాను. తార్నాక గారికి ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నారు.

సంస్థకు ఫోన్ చేసి అన్నీ అడిగాను. శిక్షకుడు ఒక పూట, రెండు గంటలు, నలుగురికీ ఒక్కడే. స్కీల అద్దె కలిసి ఉంది, హెల్మెట్ లేదు. గొండోలా మొదటి దశ మాత్రమే కలిసి ఉంది. పీఎన్ఆర్‌లు రెండు. మంచు లేకపోతే స్కీయింగ్ బదులు గుర్రపు స్వారీ పెడతామన్నారు.

సైనిక్‌పురి పాత స్కీలు | నవంబరు 10, ఉదయం 6:15

గుర్రపు స్వారీ దగ్గర నాకు నవ్వు ఆగలేదు, క్షమించండి. కానీ మంచు లేకపోవడం నవ్వులాట కాదు. చలి ముదిరే నలభై రోజులను కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. అది డిసెంబరు 21న మొదలై జనవరి నెలాఖరు వరకు ఉంటుంది. మీ సంక్రాంతి సరిగ్గా దాని మధ్యలో పడుతుంది, కాబట్టి మంచు ఖాయం అనిపిస్తుంది. అయితే 2024 జనవరిలో గుల్‌మర్గ్ మైదానం నెలలో చాలా రోజులు గోధుమరంగు గడ్డితోనే ఉండిపోయింది, చివరి వారంలో గానీ పడలేదు. 2025 ఫిబ్రవరి 22న అక్కడ మొదలు కావలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడి మార్చిలో జరిగాయి. జాతీయ పోటీలకే తేదీ కుదరని చోట ఏ ట్రావెల్ సంస్థా మంచుకు హామీ ఇవ్వలేదు, ఇస్తానంటే నమ్మకండి. మనం చేయగలిగినది రద్దు చేసుకునే వెసులుబాటును కొనుక్కోవడం. హోటల్ గదికి రెండు మూడు వందలు ఎక్కువైనా రద్దు చేసుకోగలిగే ధరనే తీసుకోండి. ఈ విషయంలో విడిగా బుక్ చేసుకున్నవారిదే పైచేయి, ఎందుకంటే ప్యాకేజీ తేదీ మార్చడమంటే అన్నీ మార్చడమే.

నిజంగా నేర్చుకోవాలంటే మూడో దారి ఒకటి ఉంది. గుల్‌మర్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయీ పర్వతారోహణ సంస్థ సోలాంగ్‌లో శిక్షణ ఇస్తుంది. ఔలీలో గఢ్‌వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏడు రోజుల, పద్నాలుగు రోజుల శిక్షణలు నడుపుతూ వచ్చింది. వీటిలో బస, భోజనం, స్కీలు, శిక్షకుడు అన్నీ ఒకే రుసుములో ఉంటాయి. ఒక రకంగా ఇవే అసలైన స్కీ ప్యాకేజీలు, వాటిని ఎవరూ ఆ పేరుతో అమ్మరు అంతే. చిక్కేమిటంటే ఎక్కువ శిక్షణలు రెండు వారాలవి, వయోపరిమితి ఉంటుంది, నాలుగో తరగతి పిల్లవాడికి కుదరకపోవచ్చు.

కుటుంబానికైతే విమానం, హోటల్ మీరే బుక్ చేసుకొని, లైసెన్సు ఉన్న స్థానిక శిక్షకుణ్ణి నాలుగు పూటలకు ముందే మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం. గొండోలా టికెట్లు కేబుల్ కార్ కార్పొరేషన్ వెబ్‌సైటులో తేదీల వారీగా తీసుకోవాలి, సెలవు రోజుల్లో త్వరగా అయిపోతాయి. మొదటి రెండు రోజులు మీకు అసలు గొండోలా అక్కరలేదు, 2,650 మీటర్ల ఎత్తున ఉన్న కింది మైదానమే మీ బడి. మొదటి దశ కొంగ్‌డూరి వరకు తీసుకెళుతుంది. రెండో దశ దాదాపు 4,000 మీటర్ల దగ్గర అఫర్వత్ మీద దించుతుంది. అక్కడ నుంచి దిగే వాలులు చదును చేసినవి కావు, హిమపాతాల ప్రమాదం ఉన్నవి. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, మరుసటి ఫిబ్రవరిలో ఒక రష్యా స్కీయర్ ఆ కొండ మీదనే ప్రాణాలు కోల్పోయారు. వాళ్లు నేర్చుకుంటున్నవాళ్లు కారు. రెండో దశకు చూడడానికి వెళ్లండి, స్కీలు కింద వదిలి వెళ్లండి.

నానక్‌రామ్‌గూడ నుంచి | నవంబరు 10, ఉదయం 11:30

విదేశాల వైపు ఆలోచించేవారు కూడా ఇది చదువుతారు కనుక నా అనుభవం రాస్తున్నాను. ప్యాకేజీయా, సొంతమా అన్న ప్రశ్నకు జవాబు ఊరిని బట్టి మారుతుంది.

కజకిస్తాన్‌లో అల్మాటీ నగరం నుంచి షింబులాక్ పాతిక కిలోమీటర్లు. మెదెయూ స్కేటింగ్ మైదానం వరకు సిటీ బస్సులో వెళ్లి, అక్కడ గొండోలా ఎక్కితే నేరుగా స్కీ కేంద్రంలో దిగుతాము. భారతీయులకు 2022 జులై నుంచి పద్నాలుగు రోజుల వరకు వీసా అక్కరలేదు. ఢిల్లీ నుంచి నేరుగా విమానం ఉంది. నగరంలో మామూలు హోటల్‌లో ఉండి, రోజూ ఉదయం వెళ్లి సాయంత్రం దిగివచ్చాము, శిక్షణ, అద్దె, లిఫ్టు పాసు అక్కడే కౌంటర్లో తీసుకున్నాము. ఇటువంటి చోటికి ప్యాకేజీ కొనడం అనవసరపు ఖర్చు. జార్జియాలోని గుదౌరి కూడా దాదాపు ఇంతే, టిబిలిసి నుంచి 120 కిలోమీటర్లు, కాకపోతే మంచు తుఫానుల్లో ఆ రహదారి మూసేస్తారు కనుక తిరుగు విమానానికి ముందు రాత్రి టిబిలిసిలోనే పడుకోవాలి.

జపాన్‌లోని హొక్కాయిడోకు మేము వెళ్లినప్పుడు మాత్రం ప్యాకేజీయే తీసుకున్నాము. అక్కడ క్లబ్ మెడ్ వంటి సంస్థల రిసార్టుల్లో గది, భోజనం, లిఫ్టు పాసు, బృంద శిక్షణ ఒకే ధరలో ఉంటాయి. విడివిడిగా లెక్క వేస్తే పిల్లల శిక్షణ ఒక్కటే తడిసి మోపెడవుతుంది. "యూరప్ మంచు యాత్ర" అని మన దగ్గర అమ్మే గుంపు ప్రయాణాలలో టిట్లిస్ లేదా యుంగ్‌ఫ్రౌ ఎక్కించి రెండు గంటల్లో దించుతారు, వాటికీ స్కీయింగ్‌కూ సంబంధం లేదు.

బీమా గురించి ఒక మాట. యూరప్ దేశాలకు తీసుకునే షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కనుక అందరూ తీసుకుంటారు, కానీ చాలా పాలసీలలో సాహస క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. స్కీయింగ్‌లో విరిగిన కాలికి ఆ పాలసీ పైసా ఇవ్వదు. దేశంలోని ప్రయాణానికైనా ఇదే వర్తిస్తుంది. పాలసీ పత్రం తెరిచి "స్కీయింగ్" అన్న మాట కోసం వెతకండి. అది ఏ జాబితాలో కనిపిస్తుందో చూసుకొని డబ్బు కట్టండి.

నల్లకుంట నివాసి | నవంబరు 10, రాత్రి 7:55

బట్టల విషయం ఎవరూ ప్రస్తావించలేదు. మా ప్యాకేజీలో "మంచు దుస్తులు ఉచితం" అన్నారు. ఇచ్చిన కోటు లోపల ముందురోజు వేసుకున్నవారి చెమట ఆరలేదు. ప్యాంటూ కోటూ అద్దెకు తీసుకున్నా ఫర్వాలేదు, చేతి తొడుగులు, మేజోళ్లు మాత్రం సొంతవి కొనుక్కోండి. చేతి తొడుగులు నీరు పీల్చనివి కావాలి. నాంపల్లి నుమాయిష్‌లో దొరికే ఊలు తొడుగులు అబిడ్స్‌లో స్కూటరు నడపడానికి బాగుంటాయి, మంచులో రెండుసార్లు పడితే తడిగుడ్డలైపోతాయి.

లెక్కల మనిషి, హిమాయత్‌నగర్ | నవంబరు 11, ఉదయం 9:30

మియాపూర్ గారు చెప్పిన అంకెలను నేను మళ్లీ చూశాను. 33,000 తేడా అనుకుంటున్నారు కానీ, ప్యాకేజీలో లేని మూడు పూటల శిక్షణ, హెల్మెట్లు, మిగిలిన రోజుల స్కీల అద్దె కలిపితే ప్యాకేజీ ధర ఇంకా పెరుగుతుంది. మీ సొంత లెక్కలో కూడా అవి లేవు, టంగ్‌మర్గ్ బండి లేదు, బీమా లేదు, ఒక్క రోజు ఆలస్యమైతే అయ్యే గది అద్దె లేదు. రెండు లెక్కలూ స్కీయింగ్ లేని కశ్మీర్ యాత్రకు వేసినవి. మొదట నాలుగు పూటల స్కీయింగ్ అన్నది రెండింటిలోనూ చేర్చి, ఆ తరువాత పోల్చండి.

మియాపూర్ మంచుకల | నవంబరు 14, రాత్రి 9:20

నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. లెక్కల మనిషి గారు చెప్పినట్లు కొత్తగా వేస్తే సొంత ప్రయాణం 2,06,000, అదే స్కీయింగ్‌తో ప్యాకేజీ 2,61,000 వచ్చింది. మేము సొంతంగానే వెళ్లాలని నిర్ణయించుకున్నాము, కానీ మొదట అనుకున్న తీరున కాదు.

సంక్రాంతి వదిలేశాము. ఆ వారంలో టికెట్ ధరలూ ఎక్కువే, మంచు మీద నమ్మకమూ తక్కువే. అమ్మాయికి వచ్చే ఏడాది పదో తరగతి, అప్పుడు కదలలేము కనుక ఈసారి ఫిబ్రవరి మొదటి వారంలో బడి మాన్పించి వెళుతున్నాము. పహల్గామ్ తీసేశాము. మొదటి రాత్రి, చివరి రాత్రి శ్రీనగర్‌లో, మధ్యలో ఐదు రాత్రులూ గుల్‌మర్గ్‌లోనే. రానూ పోనూ టికెట్లు ఒకే సంస్థవి, దారికి ఒక్కొక్క పీఎన్ఆర్. గది మూడు రోజుల ముందు వరకు రద్దు చేసుకోవచ్చు. టంగ్‌మర్గ్ నుంచి హోటల్ బండి వస్తుంది, కిరాయి ఎంతో వాట్సాప్‌లో రాసి పంపించారు. శిక్షకుడు నాలుగు ఉదయాలు, రోజుకు మూడు గంటలు, పెద్దలకొకరు పిల్లలకొకరు.

తార్నాక గారి మాట కూడా పాటిస్తున్నాము. ఫోన్లు, బేరాలు, కాగితాలు నా బాధ్యత. ఆ ఎనిమిది రోజులూ మా ఆవిడ ఏ రసీదూ ముట్టుకోరు.

స్కీల దుకాణం వాళ్లు నలుగురి బరువు, ఎత్తు, పాదం కొలత పంపమన్నారు. బాటా నంబర్లు చెబితే సరిపోతుందా?

సైనిక్‌పురి పాత స్కీలు | నవంబరు 14, రాత్రి 9:50

సరిపోదు. స్కీ బూట్ల సైజు పాదం పొడవును సెంటీమీటర్లలో చెబుతుంది. గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడి, బొటనవేలి కొన దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టి కొలవండి. రెండు పాదాలూ కొలిచి పెద్దది పంపండి. అక్కడ తొడిగి చూసినప్పుడు నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే వెనక్కి జరిగి వదులు కావాలి. వదులుగా హాయిగా ఉన్న బూటు తీసుకున్నారంటే కాలు ఒకవైపు, స్కీ మరొకవైపు పోతాయి. బరువు దగ్గర మాత్రం ఎవరూ మొహమాటపడవద్దు. పడినప్పుడు బూటు స్కీ నుంచి విడిపోవడానికి బిగించే స్ప్రింగు ఆ అంకెను బట్టే పెడతారు. బరువు తక్కువ చెబితే జారుతుండగానే ఊడుతుంది, ఎక్కువ చెబితే పడినా ఊడక మోకాలు తిరుగుతుంది.

మియాపూర్ మంచుకల | నవంబరు 15, ఉదయం 8:05

కొలిచాము. నాది 26.5, అమ్మాయిది 24, అబ్బాయిది 20.5. మా ఆవిడ పాదం కొలత ఇచ్చారు కానీ బరువు తామే నేరుగా దుకాణానికి పంపుతామని నా ఫోన్ తీసుకున్నారు. పంపాక ఆ సందేశం తొలగించి తిరిగి ఇచ్చారు.